వారానికో చెట్టు కల్లు

శనివారం సాయంత్రం ఇంట్లో కాక్‌టెయిల్ కలుపుకోవడం ఇప్పుడు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కొత్త సరదా. నలుగురు స్నేహితులు చేరతారు. బల్ల మీద షేకరు, ఐసు, పుదీనా, నిమ్మకాయలు, మూడు నాలుగు సీసాలు. ఈ వారం జిన్నులో పచ్చిమామిడి పడితే, వచ్చే వారం రమ్ములో చింతపండు. తాగడం కంటే వారానికో కొత్త రుచిని కనిపెట్టడమే అందులో అసలు సంబరం. ఆ సంబరాన్ని తప్పు పట్టనక్కర్లేదు. కానీ విజయవాడ రోడ్డు పట్టుకుని సూర్యాపేట, కోదాడ వైపో, అటు నుంచి మిర్యాలగూడ వైపో వెళ్తే, ఏమీ కలపకుండానే వారానికో రుచినిచ్చే పానీయం చెట్టు మీదే తయారవుతూ కనిపిస్తుంది. చెట్టు మారితే రుచి మారుతుంది. కాలం మారినా, పూట మారినా, గీసే చెయ్యి మారినా మారుతుంది. కల్లును చవకబారు మత్తుగా చూసేవాళ్ళు ఈ సంగతిని పట్టించుకోరు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ పాత నల్లగొండ జిల్లా ఊళ్ళే. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వెళ్ళింది, మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో మిర్యాలగూడ, కోదాడ వైపు వరి పరుచుకుంది, రైసు మిల్లులు లేచాయి. సూర్యాపేటకు పైన ఉన్నది మెట్ట. పొలం గట్ల మీద తాటి చెట్లు, వాగుల పక్కన, చెరువు కట్టల కింద ఈత చెట్లు రెండు చోట్లా కనిపిస్తాయి. ఆదివారం పట్నం నుంచి బండి మీద పల్లెకు పోయి, కల్లు మండువలో నలుగురితో కూర్చుని రావడం ఈ ప్రాంతంలో చాలామందికి వారపు అలవాటు.

తాడు ఒక్కటే, కల్లు మూడు రకాలు

తాటి చెట్టు కల్లుకు రావాలంటే పన్నెండు పదిహేనేళ్ళు ఆగాలి, కొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి. అది పూత పూసేదాకా పోతుదో పండుదో ఎవరూ చెప్పలేరు. పోతుతాడుకు కాయ కాయదు, వేళ్ళలాంటి పూగెలలు వస్తాయి. పండుతాడుకు ముంజకాయలు కాస్తాయి. కల్లు రెంటి నుంచీ వస్తుంది, గీసే పద్ధతి మాత్రం వేరు.

పోతుతాడు గెలలను ముందు మెత్తబరచాలి. రోజూ కాస్త ఒత్తి, నలిపి, కొన్నింటిని కలిపి కట్టి, కొనను పలుచగా చెక్కుతారు. చెక్కిన చోట బొట్టు బొట్టుగా ఊరే రసం కింద కట్టిన లొట్టిలో పడుతుంది. పండుతాడులో లేత గెల మీద గీస్తే పరుపుతాడు కల్లు, కాయ ముదిరాక గెల మీద గీస్తే పండుతాడు కల్లు. చలికాలంలో పోతుతాళ్ళు, ఎండలు ముదిరేకొద్దీ పరుపు, ఆ తరువాత పండు. ఏడాదిలో తాటి కల్లు ఇలా మూడుసార్లు వేషం మారుస్తుంది. తాగడం తెలిసినవాడు లొట్టి ముందు కూర్చోగానే, "గౌడన్నా, ఇయ్యాల ఏ తాడుది?" అని అడిగేది అందుకే.

ఇందులో లెక్క కూడా ఉంది. కల్లుకు గీసిన గెల ముంజలివ్వదు. ముంజలకు వదిలిన గెల కల్లివ్వదు. ఏ చెట్టులో ఎన్ని గెలలు గీయాలి, ఎన్ని వదలాలి అనేది గీతగాడు ఏటా తేల్చుకోవాల్సిన విషయం. వదిలిన కాయలు పండితే తాటిపండ్లు, టెంకలు పాతితే గేగులు.

ఈత చెట్టు సంగతి వేరు. దానికి గెల మీద గీయరు, మొవ్వు కింద మాను మీదే గీస్తారు. ఒక పక్క మట్టలు నరికి, లేత మాను బయటపడేలా చెక్కి, రసం కారేందుకు దారి చేసి లొట్టి కడతారు. కొన్ని రోజులు గీసి కొన్ని రోజులు చెట్టుకు విశ్రాంతినిస్తారు. మరుసటి ఏడు అవతలి పక్క గీస్తారు. అందుకే పాత ఈత మాను మీద ఒకటి విడిచి ఒకటి గంట్లు కనిపిస్తాయి. ఆ గంట్లు లెక్కబెడితే చెట్టు ఎన్నేళ్ళుగా కల్లు ఇస్తున్నదో తెలుస్తుంది. ఈత కల్లు చలికాలపు కల్లు. తాటి కల్లు కంటే తేలికగా, తియ్యగా ఉంటుంది. కల్లు కొత్తగా తాగేవాళ్ళకు పెద్దలు ముందు చూపించేది ఇదే.

కత్తి వాటం

మోకు, ముత్తాదు, గుజి, కత్తులు, లొట్లు. గీతగాడి సామాను ఇంతే. మోకు చెట్టునూ మనిషి నడుమునూ ఒక చుట్టులో బిగిస్తుంది. పాదాలకు గుజి వేసుకుని, ఒక్కో అడుగుకు మోకును పైకి జరుపుకుంటూ, నలభై యాభై అడుగుల ఎత్తు ఎక్కి, అక్కడ మట్టల మధ్య నిలబడి పని చేయాలి. అదీ రోజుకు రెండు పూటలు, ఒక్కో పూట ఎన్నో చెట్లు.

పని అంతా కత్తి వాటంలో ఉంది. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది, సీజను సగంలోనే చెట్టు ఆగిపోతుంది. మరీ పలుచగా చెక్కితే పాత గాయం విచ్చుకోదు, ఊట రాదు. ఒక పూట ఎక్కకపోతే కోసిన చోటు ఎండుతుంది, ధార తగ్గుతుంది. వాన పడినా, ఒంట్లో బాగా లేకపోయినా, ఇంట్లో పెళ్ళి ఉన్నా ఎవరో ఒకరు ఎక్కాల్సిందే. గీత పనికి సెలవు లేదనేది ఈ కారణంగానే.

పూట చేసే పని

చెట్టు నుంచి ఊరేటప్పుడు అది కల్లు కాదు, తియ్యటి నీరా. అందులో నూటికి పది పన్నెండు పాళ్ళ దాకా చక్కెర ఉంటుంది. నిన్నటి లొట్టిలో అంటుకుని ఉన్న ఈస్టు, గాలిలో తిరిగే సూక్ష్మజీవులు ఆ చక్కెరను అందుకుంటాయి. మొదట కొద్దిగా పులుపు చేరుతుంది, తరువాత ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, వాయువుగా మారుస్తుంది. నురుగు ఆ వాయువే. కొన్ని గంటల్లోనే నాలుగైదు శాతం ఆల్కహాలు చేరుతుంది, అంటే ఒక మామూలు బీరంత. అలాగే వదిలేస్తే మర్నాటికి ఇంకో రకం జీవులు ఆల్కహాలును వెనిగరుగా మార్చేస్తాయి.

లొట్టి లోపల సున్నం పూస్తే ఈ పని ఆగి, రసం నీరాగానే ఉంటుంది. సున్నం పూయకుండా, లొట్టిని పూర్తిగా కడగకుండా ఉంచితే త్వరగా పులుస్తుంది. రాత్రంతా చల్లదనంలో పడి పొద్దున్నే దింపిన కల్లు మెత్తగా, తీపి వదలకుండా ఉంటుంది. పగటి ఎండలో ఊరి సాయంత్రం దిగే మాపటి కల్లు ఘాటుగా, పుల్లగా నాలుకను పట్టుకుంటుంది. చెట్టు ఒక్కటే, మనిషి ఒక్కడే, రుచులు రెండు. షేకరు చేసే పనిని ఇక్కడ సూర్యుడు చేస్తాడు.

ఇంట్లో తాగేవారికి

మండువలో తాగితే తాటాకు రేక పట్టాలి. ఆకును దొప్పగా మడిచి రెండు చేతులతో నోటికి ఆనించుకుంటే, గౌడు లొట్టి నుంచి వంపుతాడు. పచ్చి ఆకు వాసన కల్లులో కలుస్తుంది. బయటి నుంచి చేరేది ఆ వాసన ఒక్కటే. ఆ రుచి ఇంట్లో గ్లాసులో దొరకదు. అయినా ఇంటికి తెచ్చుకోవాలనుకునేవారు కొన్ని పద్ధతులు పాటిస్తే మంచిది.

దింపిన కల్లును అదే పూట తెచ్చుకోవాలి. సీసా మూత బిగించకూడదు. లోపల వాయువు పుడుతూనే ఉంటుంది కాబట్టి బిగించిన సీసా దారిలో పేలే ప్రమాదం ఉంది. ఇంటికి రాగానే పలుచని గుడ్డలో వడకట్టి, ఈగలు, చీమలు, పీచు తీసేయాలి. మట్టి కుండలోనో గాజు పాత్రలోనో పోయాలి. పులుపు చేరే పానీయం కాబట్టి రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. లొట్టి మీద కప్పు ఉన్న చెట్టుదే తీసుకోవాలి. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు తాకిన పచ్చి ఖర్జూర రసం ద్వారా నిపా వైరస్ సోకిన సంగతి తెలిశాక ఈ జాగ్రత్తను తేలికగా తీసుకోలేం.

ఇక రుచి చూసే వరస. ఒకే చెట్టు పొద్దటి కల్లు, మాపటి కల్లు ఒక ఆదివారం. తాడు, ఈత పక్కపక్కన మరో ఆదివారం. కాలం తిరిగాక పరుపు, పండు. పక్కన ఉడికించిన అలసంద గుడాలో, శనగ గుడాలో ఉంటే తీపి కల్లుకు సరిపోతాయి. పుల్లటి మాపటి కల్లుకు మిరియం దట్టించిన బోటీ, కారం కోడికూర, కాల్చిన ఎండుచేప కావాలి. కొవ్వునూ కారాన్నీ ఆ పులుపు కోస్తుంది. కేరళ కల్లు దుకాణాలు ఈ జోడింపు మీదనే వంటకు పేరు తెచ్చుకున్నాయి, మన దగ్గర దాన్ని ఎవరూ అంత గౌరవంగా చూడలేదు. ఇది ఆల్కహాలే కాబట్టి తాగి జాతీయ రహదారి మీద బండి నడపడం మాత్రం ఏ సంప్రదాయమూ ఒప్పుకోదు.

సాక పోసే చెయ్యి

తెలంగాణ పల్లెలో కల్లు ముందు దేవతది, తరువాతే మనిషిది. ఎల్లమ్మకు, మైసమ్మకు, పోచమ్మకు కల్లు సాక పోశాకే మిగతా పని. దసరా నాడు జమ్మి ఆకు పంచుకున్నాక ఇంట్లో వేటమాంసం, కల్లు ఉండటం ఆనవాయితీ. నల్లగొండ, సూర్యాపేట పల్లెల గౌడులు తమ కులదైవం కంఠమహేశ్వర స్వామికి, సురమాంబ దేవికి కల్యాణం చేస్తారు. కాటమయ్య అని పిలుచుకునే ఆ దైవం చెట్టు మీద తమకు తోడుంటాడని వారి నమ్మకం.

ఆ నమ్మకం అవసరమైన పని అది. మోకు జారితే ప్రాణమో నడుమో పోతుంది. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చెట్టు చుట్టూ బిగిసే పట్టీలు, నడుము బెల్టు ఉన్న ఆ కిట్టు అడుగు తప్పినా మనిషిని కింద పడనివ్వదు. ఇలాంటిది ఎన్నో తరాల ముందే రావాల్సింది.

చెట్టు మీద హక్కు కూడా తేలికగా రాలేదు. నిజాం కాలంలో అబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయం. చెట్లు వేలంలో గుత్తేదారు చేతికి పోయేవి, ఎక్కేవాడు కూలీగా మిగిలేవాడు. ఈ లెక్కను మార్చాలని పోరాడినవాళ్ళలో సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం ముందుంటారు. గీత కుటుంబంలో పుట్టి, సూర్యాపేటలో విద్యార్థుల హాస్టల్ నడిపి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొని, 1952లో సూర్యాపేట నుంచి హైదరాబాద్ శాసనసభకు వెళ్ళారు. గీత పనివారల సంఘాన్ని నడిపారు. 1991, 1996 ఎన్నికల్లో నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. దున్నేవాడికే భూమి అన్న నినాదం పక్కన గీసేవాడికే చెట్టు అన్న నినాదం నిలబడింది ఆ ఉద్యమంలోనే. గుత్తేదారు స్థానంలో గీత కార్మికుల సహకార సంఘాలు రావడం దాని ఫలితం. గీసినవాడే అమ్మితే, తాగినవాడికి ఎవరిని అడగాలో తెలుస్తుంది.

కలిపితే చెడేది

ఆ తెలియడం పోయిన చోటే కల్తీ పుట్టింది. తాటి చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. చెట్లు లేని పట్నంలో డ్రమ్ముల కొద్దీ కల్లు దొరుకుతున్నదంటే అది చెట్టుది కాదు. నీళ్ళలో తీపి కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. అలవాటు పడినవాళ్ళకు ఒక రోజు అది దొరక్కపోతే వణుకు, ఫిట్స్, మతి చలించడం. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ నింద చెట్టు మీదికీ, దాన్ని నమ్ముకున్నవాడి మీదికీ పోతుంది. తమిళనాడులో 1987 నుంచి కల్లు మీద నిషేధమే ఉంది. నిషేధంతో గీత వృత్తి పోతుంది, మత్తు అలవాటు మాత్రం సీసాలోకి మారి మిగిలిపోతుంది.

పట్నానికి చేర్చే మంచి దారి నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మే 3న నీరా కేఫ్ తెరిచారు. పులియనివ్వకుండా చల్లగా ఉంచి అమ్మే ఆ తీపి రసం మత్తు వద్దనుకునేవారికి కూడా చెట్టు రుచి చూపిస్తుంది. అయితే నీరా ఒక్కటే వృత్తిని నిలబెట్టలేదు. కల్లుకు కావాల్సింది దాని చెట్టునూ పూటనూ గీసినవాణ్ణీ అడిగి తాగేవాళ్ళు.

ఇంట్లో కాక్‌టెయిల్ కలిపేవారు సీసా మీద ఊరి పేరు, ఏడాది చదివి మురిసిపోతారు. ఆ శ్రద్ధలో సగం మన తాటి వనం మీద పెట్టండి. ఈ ఆదివారం డ్రమ్ము దగ్గరికి కాకుండా చెట్టు దగ్గరికి వెళ్ళండి. గౌడన్నను ఏ తాడుదో అడగండి, బేరమాడకుండా ధర ఇవ్వండి, కొంచెమే తాగండి. పొలం ఉన్నవాళ్ళు గట్టు మీద తాడును నరక్కండి, వీలుంటే రెండు టెంకలు పాతండి. మీరు పాతింది కల్లుకు వచ్చేసరికి మీ పిల్లలు పెద్దవాళ్ళవుతారు, ఎక్కేవాడు అప్పటికి మిగిలి ఉండాలంటే ఇప్పుడు గీసేవాడికి బతుకు దొరకాలి.