తెరెజీన్ చిత్రాలు: సాక్ష్యము, సృష్టి

ఛాయాచిత్రం సాక్ష్యమనీ, చిత్రకారుని గీత కల్పన అనీ లోకంలో ఒక నమ్మకం స్థిరపడి ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధకాలపు తెరెజీన్ చరిత్ర ఈ నమ్మకాన్ని తలక్రిందులు చేసింది.

ప్రాగ్ నగరానికి ఉత్తరాన ఉన్న ఈ కోటపట్టణాన్ని నాజీలు 1941 నవంబరులో యూదుల నిర్బంధస్థలంగా మార్చారు. సుమారు 33 వేలమంది అక్కడే ఆకలికీ, రోగాలకూ బలియైనారు. 1944 జూన్ 23న రెడ్‌క్రాస్ ప్రతినిధులు రానుండగా అధికారులు ఇండ్లకు సున్నాలు వేయించి, పూలమొక్కలు నాటించి, బూటకపు దుకాణాలు తెరిపించారు. క్రిక్కిరిసిన జనం కంటబడకుండా మే నెలలోనే సుమారు 7,500 మందిని ఆష్విట్జ్‌కు పంపివేశారు. ఆపైన ఒక చలనచిత్రం తీయించారు. దానికి దర్శకత్వం వహించిన కుర్ట్ గెరోన్ కూడ ఖైదీయే. చిత్రీకరణ ముగిసిన పిమ్మట ఆయననూ ఆష్విట్జ్‌లో చంపారు. మిగిలిన శకలాలలో కనిపించే ముఖాలు నిజమైనవే. వాటిని కూర్చి చెప్పించిన అర్థం అబద్ధం.

అదే పట్టణంలో బెద్రిఖ్ ఫ్రిట్టా అధికారుల నివేదికలకు బొమ్మలు గీసే శాఖకు పెద్ద. ఆజ్ఞకు లోబడిన ఆ చేయియే రహస్యంగా వేరొక తెరెజీన్‌ను గీసింది. అందులో భవనాల ముఖాలు నాటకరంగపు తెరలవలె పలుచగా నిలబడతాయి. ఇది అతిశయోక్తియే. అయితే సున్నం వేసిన గోడ ఎంత బూటకమో కెమెరాచేత చెప్పనీయనప్పుడు ఆ అతిశయోక్తియే యథార్థమైనది. అలంకారం సత్యానికి అడ్డమని తలచేవారు ఈ చిత్రాలవద్ద ఒకింత ఆగవలసి ఉన్నది.

1944 జూలైలో ఫ్రిట్టా, లియో హాస్ మొదలగు చిత్రకారులను నిర్బంధించారు. ఫ్రిట్టా ఆ ఏడే ఆష్విట్జ్‌లో మరణించాడు. బ్రతికివచ్చిన హాస్ దాచిన చిత్రాలను వెలికితీశాడు; ఫ్రిట్టా కొడుకును పెంచుకున్నాడు. ఆ బాలుని మూడవ పుట్టినరోజుకు తండ్రి గీసి ఇచ్చిన బొమ్మల పుస్తకమూ మిగిలింది. కోటగోడలకు వెలుపలి లోకాన్ని బిడ్డకు చూపడం కూడ ప్రతిఘటనయే.

ఇందువల్ల ఛాయాచిత్రాన్ని చులకన చేయరాదు. 1944 ఆగస్టులో ఆష్విట్జ్-బిర్కెనౌలో, శవదహనానికి నియమింపబడిన ఖైదీలు రహస్యంగా తీసిన నాలుగు ఛాయాచిత్రాలు నిలిచాయి. ఒకదానిలో చెట్లకొమ్మలు తప్ప వేరేమీ స్పష్టంగా లేవు. తక్కినవాటి అంచులను కత్తిరించి, చక్కదిద్ది ప్రచురించినవారున్నారు. కత్తిరింపుతో పోయినది తీసినవాని ప్రాణభయం.

కనుక చేసినవాడు ఎవరి ఆజ్ఞకు లోబడి, ఎక్కడ నిలబడి చేశాడన్నదే విమర్శకుని మొదటి ప్రశ్న కావలెను. అక్షరాన్ని సాక్ష్యంగా నిలపదలచిన రచయితకూ ఈ ప్రశ్న తప్పదు.