బాధ ఎవరితో చెప్పుకోవాలో శతకానికి తెలుసు

కవిత్వం రాస్తే మనసు తేలికపడుతుందనే మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. ఇందుకోసం అందమైన నోటు పుస్తకాలు అమ్ముతున్నారు, వర్క్‌షాపులు పెడుతున్నారు. మాట అబద్ధం కాదు గాని సగమే చెప్పి వదిలేస్తున్నారు. లోపల ఉన్నదంతా కాగితం మీద కక్కేస్తే చాలునంటే, ఎప్పుడూ తన గోడే తవ్వుకునే మనిషి అందరికన్నా ఆరోగ్యంగా ఉండాలి. అలా ఉండడని మనకు తెలుసు. మిగతా సగం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు వృషాధిప శతకం చెప్పిన నాటి నుంచీ తెలుగులో సాగుతున్న శతక రచనలోనే అది ఉంది. శతకం బాధను చెప్పనిస్తుంది, కానీ గాలిలోకి వదలనివ్వదు. ప్రతి పద్యం చివరా ఎవరో ఒకరిని పిలిచి తీరాలి. ఆ పిలుపే మకుటం. శతకానికి ఊరట కలిగించే గుణం ఉందంటే అది ఆ సంబోధన వల్లనే వచ్చిందని నా అభిప్రాయం.

ఇది పద్యం లోపల ఎలా పనిచేస్తుందో కంచెర్ల గోపన్న దాశరథీ శతకంలో చూడవచ్చు. ఆయన వాడినవి ఉత్పలమాల, చంపకమాల. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. ఆయన మకుటానికి పదకొండు అక్షరాలు. అంటే నాలుగో పాదంలో మకుటం సరిగ్గా యతి దగ్గరే మొదలవుతుంది. చంపకమాలలో ఇరవై ఒక్క అక్షరాలు, యతి పదకొండో అక్షరం. లెక్క అక్కడా అలాగే కుదురుతుంది. మకుటం 'దా'తో మొదలవుతుంది కనుక ఆఖరి పాదం తొలి అక్షరం దానికి యతిమైత్రి ఉన్నదే కావాలి. మామూలుగా త, థ, ద, ధలలో ఒకటి. రెండో అక్షరాన్ని ప్రాస ముందే నిర్ణయించేసింది. ఇక కవికి మిగిలేది తొమ్మిదో పదో అక్షరాల చోటు. మూడు పాదాలపాటు ఎంత దుఃఖపడినా, ఎంత కోపగించుకున్నా, ఆ ఇరుకులో దాన్ని సర్దుకుని పేరు పెట్టి పిలవవలసిందే. ధూర్జటి కాళహస్తీశ్వర శతకం శార్దూల మత్తేభాలలో నడిచినా ఏర్పాటు ఇదే. ఆయన ఏడక్షరాల మకుటం కూడా యతిస్థానంలోనే అందుకుంటుంది. ధ్యానం నేర్పేవాళ్ళు మనసు ఎటు పోయినా మళ్ళీ శ్వాస దగ్గరికి తెమ్మంటారు. శతకకారుడు నూరుసార్లు, నూటెనిమిదిసార్లు మకుటం దగ్గరికి వస్తాడు. పైగా గణాలు తప్పకుండా చూసుకునే మనిషికి ఆ కాసేపు పాత గాయాన్ని కెలుక్కునే తీరిక ఉండదు.

పిలిచే చోటు ఉన్నప్పుడు ఏమేం చెప్పుకోవచ్చో కూడా ఈ కవులే చూపించారు. ధూర్జటి రాజుల మీది రోతను దాచుకోలేదు, తన ఇంద్రియాల మీది విసుగునూ దాచుకోలేదు. భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము వాడినందుకు తానీషా కాలంలో గోపన్న గోల్కొండ చెరలో పన్నెండేళ్ళున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ చెరసాల కీర్తనలుగా మనం పాడుకునే వాటిలో ఆయన రాముడిని ఏకంగా లెక్క అడుగుతాడు: నీ ఇంటిల్లిపాదికీ ఈ నగ, ఆ నగ చేయించాను, ఇంత అయింది, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని. ఆ వెంటనే, దెబ్బలకు తాళలేక తిట్టాను, కోపించకు అని బతిమాలుకుంటాడు. కీర్తన శతకం కాదు గాని, పల్లవి చేసే పని ఇంచుమించు మకుటం చేసే పనే. తిట్టు నుంచి వేడుకోలుకు ఒకే పాటలో రావడం ఎదుట ఒకరున్నారన్న నమ్మకం ఉంటేనే కుదురుతుంది.

అయినా ఇది భక్తి, దీనికి మానసిక చికిత్స పేరు తగిలించడం ఆధునికుల చాపల్యం అనేవారుంటారు. నిజమే, గోపన్న వెతికింది మనశ్శాంతిని కాదు, రాముణ్ణి. కానీ ఒక పద్ధతి ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవడానికి దాన్ని వాడినవారి ఉద్దేశం అడ్డు రానక్కర్లేదు. అమెరికాలో జేమ్స్ పెనెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు తమ జీవితంలోని చేదు అనుభవాల గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట రాశారు. రాసిన వెంటనే వాళ్ళకు దిగులు పెరిగింది. తరువాతి నెలల్లో వైద్యుడి దగ్గరికి వెళ్ళడం తగ్గింది. ఇలాంటి 146 అధ్యయనాలను కలిపి చూసిన 2006 నాటి సమీక్ష, మేలు ఉంది గాని అది చిన్నదే అని తేల్చింది. నాకు ఇంతకన్నా ముఖ్యంగా తోచేవి సర్వనామాల లెక్కలు. ఆత్మహత్య చేసుకున్న తొమ్మిది మంది కవులను మరో తొమ్మిది మందితో పోల్చిన 2001 నాటి పరిశీలనలో, మొదటివాళ్ళ కవితల్లో 'నేను' ఎక్కువగానూ 'మనం' తక్కువగానూ కనిపించింది. రాసిన రోజుకీ రోజుకీ సర్వనామాల వాడకం మారుతూ వచ్చినవాళ్ళకే ఆరోగ్యం ఎక్కువ మెరుగుపడిందని 2003లో మరో పరిశోధన చెప్పింది. కవిత్వం అంత మంచిదైతే కవులు ఎందుకు కుంగిపోతారన్న ప్రశ్నకు ఇందులో కొంత సమాధానం ఉంది. 'నేను'లోంచి బయటికి దారిలేని కవిత్వం ఆ గదిలోనే తిప్పుతుంది. శతకం నియమం ప్రకారమే 'నీవు' అనిపిస్తుంది. పద్దెనిమిది మంది కవుల లెక్కతో దీన్ని రుజువు చేశానని అనను. ఎటు చూడాలో మాత్రం అది చూపిస్తోంది.

దేవుడంటే నమ్మకం లేనివారి సంగతేమిటి? మకుటం దేవుడిదే కానక్కర్లేదు. సుమతిని, కుమారుణ్ణి, కుమారిని పిలిచిన శతకాలున్నాయి. హేతువాది శ్రీశ్రీ సైతం సిరిసిరిమువ్వను పిలిచి శతకం రాశాడు. పోయిన తల్లిని పిలవవచ్చు, మాటలు మానేసిన అన్నను పిలవవచ్చు. నూరు పద్యాలలో సగం ఊకదంపుడే అవుతుందన్న ఆక్షేపణ కూడా ఉంది. అవుతుంది. మన శతక వాఙ్మయంలో చదవలేనివి కోకొల్లలు. అచ్చువేసి సన్మానాలకు ఎదురుచూస్తేనే అది నేరం. రాసినవాడి రాత్రి గడవడానికి పద్యం గొప్పది కావలసిన పనిలేదు.

ఛందస్సు రాదని వెనకాడేవాళ్ళు వృత్తాల జోలికి పోకుండా ఆటవెలది పట్టుకోవాలి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం తొలి అక్షరం దగ్గర యతి, ప్రాస నియమం లేదు. వేమనలా నాలుగో పాదం మొత్తాన్ని మకుటానికి ఇచ్చేస్తే రాయవలసింది మూడు పాదాలే. పరీక్షలో గణవిభజనకు రెండు మార్కులు వేసి మరిచిపోయే మన బడులు పిల్లల చేత ఏడాదికి పది పద్యాలైనా రాయిస్తే బాగుంటుంది. రాసే ముందు మకుటం తేల్చుకోండి, ఎవరిని పిలుస్తున్నారో తెలిశాకే మొదటి పాదం మొదలుపెట్టండి. కానీ వారాల తరబడి నిద్ర, తిండి తప్పినా, బతకాలని లేదనిపించినా పద్యం కోసం ఆగవద్దు. ముందు వైద్యుణ్ణి కలవండి, లేదా ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి.