వాల్వుకూ చెవులుంటాయి

వెలుగుతున్న వాల్వు నెత్తిమీద పెన్సిల్ రబ్బరు వైపుతో మెల్లగా తట్టండి. స్పీకర్లోంచి ‘టింగ్’మని వినిపిస్తుంది. రికార్డు తిరగడం లేదు, రేడియోలో స్టేషన్ పెట్టలేదు, మైకు అసలే లేదు. గాజు లోపలి లోహపు ముక్కలు కాస్త కదిలాయి, ఆ కదలికే ఆంప్లిఫయర్ గుండా పోయి శబ్దమై బయటపడింది. దీన్నే మైక్రోఫోనిక్స్ అంటారు. వాల్వు ఆంప్లిఫయర్ల మోజు మళ్లీ పెరిగిన ఈ రోజుల్లో దీనికి విరుగుడంటూ వేలకు వేలు పోసి కొనే సరంజామా వచ్చింది. పాత మెకానిక్కుల దగ్గర చాలావరకు ఖర్చులేని విరుగుళ్లే ఉండేవి, అవి ఇప్పటికీ పనిచేస్తాయి.

వాల్వు లోపల వేడెక్కిన కాథోడ్, దాన్ని ఆనీ ఆననట్టు గ్రిడ్, వెలుపల ప్లేటు ఉంటాయి. గ్రిడ్ అంటే రెండు నిలువు కడ్డీల చుట్టూ చుట్టిన సన్నని తీగ. దానికీ కాథోడ్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో చిన్న భాగం. గ్రిడ్ మీద వోల్టేజి మారితే ప్లేటుకు చేరే ఎలక్ట్రాన్ల ప్రవాహం మారుతుంది, వాల్వు చేసే పనంతా అదే. వోల్టేజి మారకపోయినా, గ్రిడ్ తీగ వణికి ఆ సందు మారితే ప్రవాహమూ మారుతుంది. పాట వల్ల మారిందో వణుకు వల్ల మారిందో తరువాతి వాల్వుకు తెలిసే దారి లేదు. ఈ భాగాలను పైనా కిందా మైకా బిళ్లలు పట్టి ఉంచుతాయి. ఏళ్ల తరబడి వేడెక్కీ చల్లారీ మైకా రంధ్రాలు వదులవుతాయి. కొన్నప్పుడు మర్యాదగా ఉన్న వాల్వు ముసలితనంలో గోల మొదలుపెట్టేది అందుకే.

ఈ బాధ వాల్వులంత పాతది. 1920లలో అమెరికన్ బ్యాటరీ రేడియోల్లో వాడిన యూవీ-199 వాల్వుకు ఈ విషయంలో బాగా చెడ్డపేరుండేది. దాని ఫిలమెంటు 60 మిల్లీఆంపియర్లతో వెలిగే సన్నని తీగ, చిన్న కుదుపుకే మోగేది. స్ప్రింగుల మీద ఊగే సాకెట్లు, వాల్వు నెత్తిన పెట్టే సీసపు టోపీలు ఆ రోజుల్లో పుట్టినవే. రెండో ప్రపంచయుద్ధంలో ఇదే సమస్య ప్రాణాంతకమైంది. విమానం దగ్గరికి రాగానే తనంతట తాను పేలే ఫిరంగి గుండులో బుల్లి వాల్వులుండేవి. పేల్చిన క్షణంలో అవి భూమ్యాకర్షణకు 20,000 రెట్ల తాకిడిని ఓర్చుకోవాలి, ఆపైన గుండు గిరగిరా తిరుగుతుంటే వణకకుండా ఉండాలి. వణికితే ఆ వణుకునే శత్రువిమానం అనుకొని గుండు మధ్యదారిలో పేలిపోయేది. మన హాల్లో స్టీరియో కష్టాలు దాని ముందు ఏపాటివి!

అయినా గిటార్ వాయించేవాళ్ల కష్టం చిన్నది కాదు. వాళ్ల ఆంప్లిఫయరూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉంటాయి. స్పీకరు పెట్టెను వణికిస్తుంది, పెట్టె వాల్వును, వాల్వు మళ్లీ స్పీకరును. సరిపడా వాల్యూమ్ ఉంటే ఈ చక్రం తనంతట తానే తిరుగుతూ ఊళ వేస్తుంది. 1950ల చివర ఇంగ్లండులో వచ్చిన వోక్స్ ఆంప్లిఫయర్ల కథ చూడండి. మొదటి వాల్వుగా ఈఎఫ్86 పెట్టారు. టేపు రికార్డర్ల కోసం మైక్రోఫోనిక్స్ తక్కువగా ఉండేలా తయారైన పెంటోడ్ అది. కానీ దాని ఆంప్లిఫికేషన్ చాలా ఎక్కువ. ఏసీ30లో రెండు పన్నెండంగుళాల స్పీకర్ల పక్కన అది తట్టుకోలేకపోయింది, దాని చోటికి ఈసీసీ83 వచ్చింది. మంచి వాల్వయినా చోటు కుదరకపోతే అంతే.

రికార్డులు వినేవాళ్లకు గండం ఫోనో దశలో ఉంది. మామూలు కార్ట్రిడ్జి ఇచ్చేది 5 మిల్లీవోల్టులు. దాన్ని వెయ్యి హెర్ట్జ్ దగ్గర నూరు రెట్లు పెంచాలి. రికార్డు మీద బాస్ తగ్గించి చెక్కుతారు కనుక, 20 హెర్ట్జ్ దగ్గర దానికి ఇంకో పది రెట్ల దాకా కలపాలి. అడుగుల చప్పుడు, నేల అదురు ఉండేది సరిగ్గా ఆ కింది స్థాయిలోనే. మొదటి వాల్వు దగ్గర పుట్టిన పిసరంత వణుకు చివరికి కొండంతవుతుంది. చివరి పవర్ వాల్వు ఎంత వణికినా దాని వెనక పెంచేవాడు లేడు. అందుకే ఆంప్లిఫయరంతటికీ రబ్బరు కాళ్లు తొడగడానికి ముందు మొదటి వాల్వును చూడాలి.

మొదటి ఉపాయం పెన్సిల్ రబ్బరుతో తట్టి చూడడం, కుండ కొనేముందు వేలితో కొట్టి చూసినట్టే. ఈసీసీ83 అన్నాక ఎంతో కొంత మోగుతుంది. మోత వెంటనే చచ్చిపోతే వాల్వు మంచిది. గంటలా సాగితే, లేదా గరగర కలిస్తే పక్కన పెట్టాలి. ఇక్కడో జాగ్రత్త: ఛాసిస్ విప్పి లోపలి వైర్లు తట్టేవాళ్లు పెన్సిల్ ముట్టుకోకూడదు, దాని గ్రాఫైట్ గుండా కరెంటు పారుతుంది. లోపల 300 వోల్టులుంటాయి. ఎండిన చెక్కపుల్లే శ్రేయస్కరం.

రెండో ఉపాయం సాకెట్‌ను తేలించడం. సాకెట్‌ను చిన్న రేకు మీద బిగించి, ఆ రేకును రబ్బరు గ్రోమెట్ల మీద ఛాసిస్‌కు తగిలిస్తారు. దీన్ని చాలామంది చెడగొట్టేది వైర్ల దగ్గరే. సాకెట్‌కు బిరుసైన లావు తీగలు సోల్డర్ చేస్తే రబ్బరు ఆపిన వణుకును ఆ తీగలే మోసుకొస్తాయి. మెత్తటి పోగుల తీగను కొంచెం వదులుగా వంపు తిప్పి కలపాలి. ట్రాన్స్‌ఫార్మర్‌నూ మరిచిపోవద్దు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు దాని ఇనుము 100 హెర్ట్జ్ దగ్గర గుమ్మంటుంది. మొదటి వాల్వును దానికి దూరంగా పెట్టడంకన్నా చవకైన మందు లేదు.

వాల్వుకు తొడిగే సిలికాన్ ఉంగరాలు కొంత పనిచేస్తాయి. అవి గాజు మోతను త్వరగా చంపుతాయి, లోపల వదులైన మైకాను మాత్రం బిగించలేవు. ఈఎల్34 లాంటి పవర్ వాల్వులకు మామూలు రబ్బరు తొడిగితే వేడికి జిగురై గాజుకు అంటుకుంటుంది. మైక్రోఫోనిక్స్ వల్లే పాటకు జీవం వస్తుందనేవాళ్లూ ఉన్నారు. నేను నమ్మను. స్పీకరును వేరే గదిలో ఉంచి ఒకసారి, ఆంప్లిఫయర్ పక్కనే ఉంచి ఒకసారి అదే పాట ఆంప్లిఫయర్ నుంచి రికార్డు చేసి పోల్చి చూస్తే వాదన అక్కడికక్కడే తేలుతుంది.

బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో ఫిలిప్స్ సహకారంతో చేసిన వాల్వులు మన పాత రేడియో షాపుల సొరుగుల్లో ఇంకా దొరుకుతుంటాయి. వాటిని కొంటే ఒక్కొక్కటీ తట్టి వేరు చేయండి. అన్నిటికన్నా నిశ్శబ్దమైనది ఫోనో మొదటి సాకెట్‌లోకి, తరువాతిది రెండో దాంట్లోకి. ‘టింగ్’మనే దాన్ని పారేయనక్కర్లేదు. పవర్ వాల్వులకు ముందుండే దశలో సిగ్నలు అప్పటికే వోల్టుల్లో ఉంటుంది కనుక దాని గోల అక్కడ ఎవరికీ వినపడదు.