గూడ్సు బరువు మోసే విల్లు

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీదున్న ఆర్చి రైలు బ్రిడ్జిని ఫొటో తీసేవాళ్లంతా కమానులనే తీస్తారు. సాయంత్రపు ఎండలో అవి బాగుంటాయి, కాదనను. కానీ అసలు పనితనం పట్టాల కింద ఉంది.

కమాను మీద బరువు పడితే దాని రెండు కాళ్లూ బయటికి తన్నుకుంటాయి. కొండల మధ్యైతే ఆ తోపును కొండే ఆపుకుంటుంది. గోదావరిలో ఉన్నది ఇసుక. అందుకే పట్టాలు మోసే కాంక్రీటు పెట్టెనే విల్లుకు నారిలా కమాను కాళ్ల మధ్య బిగించారు. లాగుడును కాంక్రీటు ఓర్చుకోలేదు గనక, దాని లోపల ఉక్కు కేబుళ్లు దూర్చి ముందే లాగిపెట్టారు. తోపు అక్కడికక్కడే తీరిపోతుంది, స్తంభం మీద పడేది నిలువు బరువే. బండి బరువు కమాను నుంచి వేలాడే హ్యాంగర్ల మీదుగా కమానుకెక్కి, కాళ్లలోకి దిగుతుంది. ఒక్కో స్పాను 97.55 మీటర్లు, అలాంటివి 28. దేని బరువు అదే మోసుకుంటుంది. నాకొక్కటే బెంగ: ఉక్కు గర్డరుకు తుప్పు పడితే కనబడుతుంది, రంగు వేస్తాం. గొట్టంలో దాగిన హ్యాంగరు తీగకు పడితే కంటికి ఆనదు.

1991లో మొదలెట్టి 1997లో ఈ వంతెనను పూర్తిచేసింది హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ. 1900 నాటి హేవలాక్ రైలు వంతెన 1997లోనే విశ్రాంతి తీసుకుంది. అంటే ఇది కొత్తగా కలిసిన దారి కాదు, పాతదాని బదులు వచ్చింది. చెన్నై–హౌరా మెయిన్ లైనుకు ఇక్కడ నది మీద ఉన్నవి రెండే ట్రాకులు. ఒకటి ఈ ఆర్చి వంతెన మీది. రెండోది 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన కింది అంతస్తులో పోతుంది.

58 వ్యాగన్ల గూడ్సు ర్యాకు, వ్యాగనుకు 60 టన్నులనుకున్నా, లాగే సరుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద పోవాలంటే 20 టన్నుల లారీలు 174 కావాలి. అయినా అవే ట్రాకుల మీద ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే గూడ్సు పక్కనున్న లూప్ లైనులో ఆగాల్సిందే. ఎప్పుడు చేరుతుందో తెలియని బండి కన్నా వ్యాపారికి లారీయే నమ్మకం.

గూడ్సులకే వేరే దారి ఇచ్చే ఖరగ్‌పూర్–విజయవాడ ప్రత్యేక సరుకు కారిడార్‌ను 2021 బడ్జెట్‌లో ప్రకటించారు. అది గోదావరిని ఎక్కడ దాటినా ఇసుకతో తలపడక తప్పదు. బరువు మాత్రం పెరుగుతుంది: సరుకు కారిడార్లలో వంతెనలను ఇరుసుకు 32.5 టన్నుల లెక్కన కడుతున్నారు.