మెలి తిరిగే ఛాసిస్ మీద మెలిపడని ఇల్లు

ఆ శనివారం పొద్దున మా వీధి చివరి పెద్దాయన రెండు చోట్ల మోకాలెత్తు దుంగలు పేర్చి పెట్టాడు. లారీని నెమ్మదిగా పోనిచ్చి, ఎడమ ముందు చక్రాన్ని ఒక పేర్పు మీదికి, కుడి వెనక చక్రాన్ని ఇంకో పేర్పు మీదికి ఒకేసారి ఎక్కించాడు. ఇంజను ఆపి దిగొచ్చి, క్యాబిన్ వెనక కుడి పక్కన వంగి, ఛాసిస్‌కీ దాని మీది గది ఫ్రేముకీ మధ్య వేళ్లు దూర్చి చూపించాడు. నేల మీద ఉన్నప్పుడు పోస్టుకార్డు కూడా పట్టని సందు అది. ఇప్పుడు మూడు వేళ్లు పట్టాయి. "లోపలికెళ్లి అలమర తలుపు తీసి చూడు" అన్నాడు. తీశాను. ఎక్కడా పట్టెయ్యలేదు. కింద ఛాసిస్ తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి ఉంది, పైన గదికి ఆ కబురే తెలియలేదు.

నేను బెజవాడ వాణ్ని. బెంజ్ సర్కిల్ దగ్గర పెరిగి, ఉద్యోగానికి బెంజి కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న స్టట్‌గార్ట్ పక్కకే వచ్చి పడ్డాను. చిన్నప్పుడు సెలవులన్నీ ఆటోనగర్‌లో మా మేనమామ బాడీ షెడ్డులో గడిచాయి. ఛాసిస్ మీద బాడీ కట్టడం నాకు కొత్త కాదు. కానీ లారీ మీద ఇల్లు కట్టుకుని, ఆ ఇంటిని సహారాకో మంగోలియాకో తోలుకుపోవడం, అదీ ఎవరికీ కాంట్రాక్టు ఇవ్వకుండా సొంత చేతులతో ఏళ్ల తరబడి కట్టుకోవడం ఈ దేశంలో ఒక సంప్రదాయమని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

పెద్దాయనది బెంజి ఎల్ఏ 911. 1959లో మొదలైన పొట్టి మూతి లారీల వరసలోది. పేరులోనే జాతకం ఉంది: ఎల్ అంటే లారీ, ఏ అంటే నాలుగు చక్రాలకూ లాగుడు, 9 అంటే సుమారు తొమ్మిది టన్నులు, 11 అంటే నూటపది గుర్రాలు. ఇలాంటివి ఎక్కువగా ఫైరింజన్లుగానో, పౌర రక్షణ దళాల బళ్లుగానో బతికాయి. ఫైరింజను రోజూ తిరగదు. వెచ్చటి షెడ్డులో నిలబడి ఉంటుంది, గంట మోగితే పరిగెత్తి వస్తుంది. అందుకే పాతికేళ్ల తర్వాత వేలానికి వచ్చినా పాతిక ముప్పై వేల కిలోమీటర్లే తిరిగి ఉంటుంది. ఇల్లు కట్టుకునేవాడికి ఇంతకంటే మంచి పునాది ఎక్కడ దొరుకుతుంది? ఒక్కటే చిక్కు. నీళ్లు తగిలే బండి కనుక క్యాబిన్ తుప్పు పడుతుంది. ముందు అద్దం రబ్బరు బీడింగు తీసి, దాని కింద రేకు చూడందే ధర మాట్లాడొద్దంటాడు పెద్దాయన.

డెబ్భైల్లో, ఎనభైల్లో జర్మన్ కుర్రాళ్లు ఇలాంటి బళ్లు చౌకగా కొని ఆల్జీరియా మీదుగా సహారా దాటేవారు. కొందరు అవతల పశ్చిమ ఆఫ్రికాలో బండి అమ్మేసి, ఆ డబ్బుతో విమానమెక్కి తిరిగొచ్చేవారు కూడా. తూర్పున ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ మీదుగా మన దేశానికి వచ్చే దారి 1979లో మూతబడింది, ఒక చోట విప్లవం, ఇంకో చోట సోవియట్ సైన్యం. తొంభైల్లో ఆల్జీరియా అంతర్యుద్ధంతో ఎడారి దారీ పోయింది. దారులు మారినా బళ్లు మిగిలాయి, పని నేర్చిన చేతులూ మిగిలాయి.

ఇంజను సంగతి చెప్పినప్పుడు మా మావయ్య ఎగిరి గంతేశాడు. ఇందులో ఉండేది ఓఎం 352. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, 5675 సీసీ. "ఓరినీ, ఇది మన 697 కదరా!" అన్నాడు వీడియో కాల్‌లో. టాటావారు 1954 నుంచి పదిహేనేళ్లు డైమ్లర్ బెంజితో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేశారు. ఆ ఒప్పందం ముగిశాక కూడా చాలాకాలం మన రోడ్ల మీద తిరిగిన టాటా 697 ఇంజనుకీ అవే కొలతలు. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. ఒకసారి స్టార్టయిందంటే డీజిలు ఆపేదాకా ఆగదు, బ్యాటరీ పీకేసినా నడుస్తుంది. ఇరాన్‌లో చెడితే ఇరాన్ మెకానిక్కు బాగుచేస్తాడు, గుంటూరులో చెడితే గుంటూరు మెకానిక్కు బాగుచేస్తాడు. ఈ లారీల మీద మోజుకు సగం కారణం ఇదే.

ఇక ఆ సందు దగ్గరికి వద్దాం. నా లెక్కలో ఈ విద్య ప్రాణమంతా అక్కడే ఉంది.

లారీ ఛాసిస్ నిచ్చెనలాంటిది. రెండు పొడుగాటి సి ఆకారపు ఇనుప దూలాలు, మధ్యలో క్రాస్ మెంబర్లు. గుంటల దారిలో నాలుగు చక్రాలూ నేలను వదలకూడదంటే కమాను కట్టలు ఒక్కటే చాలవు, నిచ్చెన కూడా మెలి తిరగాలి. కంపెనీవాళ్లు కావాలనే అలా చేశారు. దాని మీద పెట్టే గది అగ్గిపెట్టె లాంటిది, ఆరు పలకలు అంటించిన పెట్టె. అది మెలి తిరగలేదు. రెంటినీ కలిపి గట్టిగా బోల్టులు బిగిస్తే ఎవరో ఒకరు ఓడాలి. ముందు తలుపు పట్టేస్తుంది, తర్వాత మూలల్లో అతుకు నోరు తెరుస్తుంది, అక్కణ్నుంచి వాన నీరు దిగుతుంది. గది మరీ గట్టిదైతే ఛాసిస్సే బీట వారుతుంది.

మావయ్యకి ఈ మాట చెబితే నవ్వాడు. "మనకి కర్ర బాడీ కదరా అబ్బాయ్. ఛాసిస్ మీద కర్ర దూలం పరిచి యూ బోల్టులేసి కడతాం. గుంటలో పడితే కిర్రుమంటది, కొంచెం ఒరుగుద్ది, మళ్లీ సర్దుకుంటది. పగలదు." నిజమే. మన సరుకు లారీ బాడీకి ప్రతి అతుకులోనూ కాస్త వదులు ఉంటుంది, మెలిని ఒళ్లంతా పంచుకుంటుంది. గాలీ వానా చొరబడకూడని ఇంటికి ఆ సౌకర్యం లేదు. దాని వదులంతా ఒక్కచోటే, గదికీ ఛాసిస్‌కీ మధ్యే పెట్టాలి.

అందుకు మూడు నాలుగు పద్ధతులున్నాయి. ఒకటి మూడు కాళ్ల పీట పద్ధతి: ఒక చివర రెండు గట్టి ఆధారాలు, రెండో చివర నడిమధ్యన ఒకే ఒక్క ఇరుసు. మూడు కాళ్ల పీట ఎంత ఎగుడుదిగుడు నేల మీదైనా ఊగదు కదా, అదే సూత్రం. రెండోది డైమండు పద్ధతి: ముందు మధ్యలో ఒక ఇరుసు, వెనక మధ్యలో ఒక ఇరుసు, నడుమ రెండు పక్కలా రెండు ఆధారాలు. బాగా మెలి తిరిగే యూనిమాగ్ లాంటి బళ్లకు ఇది వాడతారు. పెద్దాయన ఎంచుకున్నది స్ప్రింగు పద్ధతి. గది కింది ఫ్రేము ఛాసిస్ దూలాల మీద నిండుగా పరుచుకుని కూర్చుంటుంది, బరువు పొడవంతా పంచుకుంటుంది. వెనక వైపు గట్టిగా బోల్టులు. ముందు వైపు మాత్రం జానెడు పొడుగు బోల్టులు, ఒక్కోదానికి గట్టి స్ప్రింగు. చదును రోడ్డు మీద స్ప్రింగు రెండు ఫ్రేములనూ అదిమి పట్టి ఉంచుతుంది. ఛాసిస్ మెలి తిరిగితే నొక్కుకుని దారి ఇస్తుంది. నేను వేళ్లు పెట్టిన సందు అదే. గది పక్కకి జారకుండా దూలాలకు ఇరువైపులా ఇనుప పలకలు కాపలా. వీటన్నిటికీ ఛాసిస్ దూలం నిలువు భాగంలో కంపెనీ వేసిన రంధ్రాలే వాడతారు. పై అంచుకీ కింది అంచుకీ డ్రిల్లు తగలనివ్వరు, వెల్డింగు చేయనివ్వరు. బీట మొదలయ్యేది అక్కడే.

స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి? మెత్తనైతే గది వంపులో పక్కకి ఊగుతుంది, మరీ గట్టిదైతే ఉన్నా లేనట్టే. పెద్దాయన మూడుసార్లు మార్చాడు. దుంగల పరీక్ష అందుకే.

గది సంగతి కొంచెం త్వరగా చెబుతాను, ఎందుకంటే ఇందులో చాలా భాగం వడ్రంగం. గోడలు ఫైబర్ రేకుల మధ్య అయిదారు సెంటీమీటర్ల ఫోమ్ నింపిన పలకలు. డబ్బు తక్కువైనవాళ్లు జర్మన్ సైన్యం అమ్మేసిన పాత అల్యూమినియం షెల్టర్లు కొని ఎక్కిస్తారు. శత్రువు చలి అనుకుంటాం. అసలు శత్రువు చెమ్మ. మూసిన గదిలో ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి వాళ్ల ఊపిరీ చెమటా కలిసి అర లీటరుకు పైగా నీరవుతుంది. గోడలో ఎక్కడైనా ఇనుము లోపలి నుంచి బయటికి ఆరపారా ఉంటే చలి దాన్ని పట్టుకుని లోపలికొస్తుంది, ఆవిరి అక్కడే నీరై కారుతుంది. పెద్దాయన మొదటి గదికి ఇనుప చట్రం కట్టి మధ్యలో ఫోమ్ పెట్టాడు. నార్వేలో ఒక శీతాకాలం గడిపొచ్చాక మంచం కింద పలక ఎత్తి చూస్తే నల్లటి బూజు. పరుపు వెనక ప్రతి ఇనుప పట్టీ మేరా ఒక గీత. ఆ గది మొత్తం విప్పి పారేశాడు. ఇప్పటి గది అతుకుల్లో ఇనుము లేదు, జిగురుతోనే నిలబడింది. పరుపు కింద గాలి ఆడేందుకు చెక్క జాలీ ఉంది.

కట్టడం ఒక ఎత్తు, మార్పులు చేసుకుంటూ పోవడం ఇంకో ఎత్తు. ఇక్కడ ఒక గొలుసు ఉంది. వెనక జంట చక్రాల బదులు పెద్ద ఒంటి చక్రాలు వేసుకుందామనిపిస్తుంది. కారణం న్యాయమైనదే: జంట టైర్ల మధ్య రాళ్లు ఇరుక్కుంటాయి, ఇసుకలో ముందు చక్రం చేసిన గాడిలో వెనక జంట పట్టదు, కొత్త గాడి తొక్కాలి, దానికి ఇంజను చావాలి. ఒంటి చక్రమైతే ముందు దాని అడుగులోనే అడుగేస్తుంది. సరే, వేశాం. చక్రం పెద్దదయింది కనుక బండి వేగం పెరిగింది, గంటకు ఎనభై దాటని బండి ఇంకొంచెం పరిగెత్తింది. కానీ ఎక్కుడులో లాగదు. అయితే టర్బో పెట్టాలి. పెడితే వేడి. చక్రం పెద్దదైతే బ్రేకు బలం తగ్గుతుంది. స్టీరింగు బరువవుతుంది, పవర్ స్టీరింగు కావాలి. "ఒక్క నట్టు మార్చబోతే బండి మొత్తం విప్పాల్సొచ్చింది" అని పెద్దాయన నవ్వుతాడు గానీ, పవర్ స్టీరింగు మాత్రం తన నడుము కోసం చేసిన మంచి పని అంటాడు.

కరెంటూ అంతే. సీసం బ్యాటరీలు తీసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెడితే బరువు సగానికి పైగా తగ్గుతుంది, ఉన్న కరెంటులో దాదాపు అంతా వాడుకోవచ్చు. అయితే ఆ బ్యాటరీ ఆకలిగొన్నది. పాత ఆల్టర్నేటర్ ఎంతిస్తే అంతా లాగేస్తుంది, వైండింగు మాడిపోతుంది. మధ్యలో లాగుడును అదుపు చేసే చార్జరు తప్పదు. పైగా సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జి చేస్తే లోపల లిథియం పూతలా పేరుకుని పాడవుతుంది. అందుకని చలి తగలకుండా బ్యాటరీకి మంచం కింద, గదిలో చోటు. వంటకి గ్యాసు మానేసి డీజిలు స్టవ్ పెట్టుకుంటారు, ఎందుకంటే ప్రతి దేశంలోనూ సిలిండరు మూతి వేరు. కానీ కొండల మీద పల్చటి గాలిలో డీజిలు సరిగా మండదు, మసి పడుతుంది. అన్నిటికీ సరిపోయే మందు ఎక్కడా లేదు.

వీటన్నిటి మీదా కూర్చున్న పెద్ద దేవుడు కాటా. 1999కి ముందు కారు లైసెన్సు తీసుకున్న జర్మన్లు ఏడున్నర టన్నుల బండి దాకా తోలొచ్చు. తర్వాత తీసుకున్నవాళ్లకు మూడున్నరే, ఆపైన వేరే పరీక్ష. అందుకే తొమ్మిది టన్నుల ఛాసిస్‌ని కూడా కాగితాల మీద 7.49 టన్నులకు దించి రాయించుకుంటారు. మూడు వందల లీటర్ల నీళ్లు మూడు వందల కిలోలు, మూడు వందల లీటర్ల డీజిలు రెండు వందల యాభై. పెద్దాయన ప్రయాణానికి ముందు కాటా వేయిస్తాడు, ఒక్కో చక్రం విడివిడిగా. ఎడమ పక్క రెండు వందల కిలోలు ఎక్కువ తేలితే పుస్తకాలు కుడి పక్కకి సర్దుతాడు, నీళ్ల ట్యాంకు ఇరుసుల మధ్య ఎంత కిందికి వీలైతే అంత కిందికి దించుతాడు. బండికి ముప్పై ఏళ్లు దాటితే పాతకాలపు బండిగా హెచ్ అక్షరం ఉన్న నంబరు ప్లేటిస్తారు. పన్ను ఏడాదికి 191.73 యూరోలు, ఎంత పెద్ద బండైనా. అయితే తనిఖీ ఇంజనీరు ప్రతి మార్పునీ చూసి ఒప్పుకోవాలి. వాళ్ల మీద పెద్దాయన సణుగుడు వినడానికి వేరే వ్యాసం కావాలి.

ఇప్పుడు కొత్త లారీ మీద కంపెనీ కట్టిచ్చే గదులు వస్తున్నాయి. స్టట్‌గార్ట్‌లో ఒక మంచి ఫ్లాటు ధర, వాషింగ్ మెషీనుతో సహా. నాకు వాటి మీద మనసు పోదు, ఇది నా పక్షపాతమే అనుకోండి. జర్మన్ యాత్రికుడు గుంథర్ హోల్టార్ఫ్ 26 ఏళ్ల పాటు సుమారు తొమ్మిది లక్షల కిలోమీటర్లు తిరిగింది లారీలో కూడా కాదు, ఒక బెంజి జీపులో, వెనక పరుపు వేసుకుని. ఆ బండి ఇక్కడి బెంజి మ్యూజియంలో ఉంది, చూసొచ్చాను. లోపల చెక్క అరలూ పరుపూ తప్ప చెప్పుకోదగ్గ హంగులేవీ లేవు.

పెద్దాయన అలమర తలుపు లోపల పెన్సిలుతో రెండు వరసల జాబితా ఉంటుంది. ఎడమ వరసలో పెట్టినవి, కుడి వరసలో తీసేసినవి. కుడి వరసే పొడుగు: ఓవెను, రెండో ఇన్వర్టరు, టీవీ, కప్పు మీది నిచ్చెన. ఆ శనివారం నా ఎదుటే ఇంకోటి రాశాడు, వేడినీళ్ల బాయిలరు. "టీ కెటిల్ ఉందిగా" అన్నాడు.

ఆ సాయంత్రం మావయ్యకి సందు ఫోటోలు పంపాను. చాలాసేపు జవాబు లేదు. తర్వాత ఆయనే చేశాడు. షెడ్డులో ఎవరిదో టిఫిన్ బండి ఉందట, చిన్న గూడ్స్ ఛాసిస్ మీద కట్టిన ఇనుప గది. ఏడాదిలో రెండోసారి వెనక మూల బీట వారి వచ్చింది. ఇన్నాళ్లూ పట్టీ వేసి వెల్డింగు చేసి పంపుతున్నారు.

"ఒరేయ్, ఆ బోల్టు మందం ఎంత? స్ప్రింగు తీగ ఎన్ని మిల్లీమీటర్లు? కొలిచి చెప్పు."

మర్నాడు పెద్దాయనని అడిగితే, మెత్తనైందని తీసేసిన మొదటి జత స్ప్రింగులు డబ్బాలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. లారీకి మెత్తనైనవి టిఫిన్ బండికి సరిపోవచ్చన్నాడు. ఒక్కోటి కిలోకు పైనే ఉంది. డిసెంబరులో ఊరికి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో బట్టలు కొన్ని తగ్గించుకోవాలి.