టోపీలతో మాట్లాడిన పిల్ల

డయానా విన్ జోన్స్ 1986లో రాసిన ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’ నవలలో ఇంగరీ అనే రాజ్యం ఉంది. ఒక్క అడుగులో ఆమడలు దాటించే బూట్లు, మనిషిని మాయం చేసే అంగీలు అక్కడ నిజంగానే ఉంటాయి. ముగ్గురిలో పెద్దగా పుట్టినవాళ్లు అదృష్టం వెతుక్కుంటూ బయల్దేరితే అందరికంటే ముందు చెడిపోతారన్నదీ అక్కడ అంతే నిజం. కథల్లో గెలుపు ఎప్పుడూ కడగొట్టువాళ్లదే కదా! సోఫీ పెద్దకూతురు. ఆ మాట నమ్మి, దుకాణం వెనక గదిలో టోపీలు కుడుతూ కూర్చుంటుంది. ఊసుపోక ఆ టోపీలతోనే మాట్లాడుతుంది. నీకు డబ్బున్న మొగుడు వస్తాడని ఒకదానికి చెబుతుంది, ఇంకోదానికి ఇంకేదో. కొన్నవాళ్లకు అవే జరుగుతుంటాయి. కుట్టిన పిల్లకు మాత్రం తన నోటి మహిమ తెలియదు.

అంతలో ఒక మంత్రగత్తె వచ్చి ఆమెను ముదుసలిని చేసి పోతుంది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా నేను పుస్తకం మూసి కాసేపు ఆగుతాను. సోఫీ ఏడవదు. అద్దంలో ముడతలు చూసుకుని, ఇదే తనకు సరిగ్గా నప్పిందనుకుని, చక్కగా ఇల్లు దాటి వెళ్లిపోతుంది. మే పండుగ రోజున వీధిలో జనాన్ని చూసి బెదిరిన పిల్ల, మాంత్రికుడు హౌల్ కదిలే కోటలో జొరబడి, పొయ్యిలో కాపురముండే కాల్సిఫర్ అనే అగ్నిభూతాన్ని తల వంచమని గదమాయించి వాడి నెత్తిన పెనం పెడుతుంది! మన పేదరాశి పెద్దమ్మ వీరుడికి అన్నం పెట్టి, దారి చెప్పి, కథలోంచి తప్పుకునేది. ఇక్కడ కథంతా పెద్దమ్మదే.

సోఫీ సవతి తల్లి కూడా కథల్లోలా దుష్టురాలు కాదు. అదృష్టం రాసిపెట్టి ఉన్న చిన్న చెల్లెలికి కావలసిందల్లా పెళ్లీ, పదిమంది పిల్లలూ. ఇవన్నీ ముచ్చటైన తిరగవేతలే. కానీ నన్ను కట్టిపడేసింది వేరే. హౌల్ గుట్టుగా ఆ శాపం విప్పాలని చూసి, కుదరక, ఈ వేషం ఆమెకే ఇష్టమేమో అనుకుంటాడు. మంత్రగత్తె వేసిన ముడి మీద సోఫీ కూడా తన ముడి వేసుకుందన్నమాట. పెద్దదాన్ని, నావల్ల కాదు అని ఇన్నేళ్లూ తనకు తాను చెప్పుకున్న మాట టోపీలకు చెప్పిన మాటల్లాగే ఫలించింది.

ఇదే నవల ఆధారంగా మియాజాకీ 2004లో తీసిన చిత్రంలో ఆకాశమూ యుద్ధమూ కళ్లు చెదరగొడతాయి. సోఫీ గొణుగుడు మాత్రం పుస్తకంలోనే వినాలి.

తనకూ హౌల్‌కూ నడుమ, హౌల్ గుండెతో ముడిపడిన ఒప్పందాన్ని తెంచమని కాల్సిఫర్ మొదటినుంచీ ఆమెనే ఎందుకు బతిమాలాడో చివర్లో తెలుస్తుంది. ఇంకెవరు తెంచినా వాడు చచ్చిపోయేవాడు. సోఫీ మాట్లాడితే ప్రాణం నిలుస్తుంది. ఆమె వాడితో మాట్లాడుతుంది, టోపీలతో మాట్లాడినట్టే.