రి, గ, స, ని

మన వాగ్గేయకారులు సాహిత్యంలో ముద్ర వేస్తారు. త్యాగరాజు తన పేరే వేసుకున్నాడు, క్షేత్రయ్య మువ్వగోపాలుడి పేరు వేశాడు. సోవియట్ స్వరకర్త దిమిత్రి షోస్తకోవిచ్ క్వార్టెట్లలో సాహిత్యమే లేదు, నాలుగు తంత్రీవాద్యాలంతే. అందుకని ముద్రను స్వరాల్లోనే వేశాడు. జర్మన్లు స్వరాలకు పెట్టుకున్న అక్షరాల లెక్కన ఆయన పొడి అక్షరాలు డి, ఎస్, సి, హెచ్. హార్మోనియం మీద ఒకటో శ్రుతిలో పట్టుకుంటే మనకవి రి, గ, స, మంద్రంలో ని. సాధారణ గాంధారం, కాకలి నిషాదం. కీరవాణి అలవాటున్న చెవికి కొత్తేమీ కాదు. అయితే వేలు షడ్జం మీదికి రాగానే అక్కడే ఆగుదామంటుంది. ఆయన ఆగనివ్వడు, ఇంకో మెట్టు దించి నిషాదం మీద వదిలేస్తాడు. ఛత్తీస్‌గఢ్‌లోని మా బాసగూడలో సాయంత్రాలు సాధన చేసేటప్పుడు నాకు ఎప్పటికీ సర్దుకోని చోటు అదే.

1936 జనవరిలో షోస్తకోవిచ్ రాసిన ఒపెరా చూస్తూ స్టాలిన్ మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. రెండ్రోజులకే ప్రావ్దా పత్రిక ఆయన్ని ఉతికి ఆరేసింది. నాలుగో సింఫనీని ఆయనే వెనక్కి తీసుకున్నాడు, అది 1961 చివరిదాకా జనం చెవిన పడలేదు. 1948లో మళ్లీ అక్షింతలు. 1960 జులైలో డ్రెస్డెన్ దగ్గర గోరిష్‌లో మూడు రోజుల్లో, ఆ ముద్రతోనే మొదలయ్యే ఎనిమిదో క్వార్టెట్ రాశాడు. ఫాసిజం, యుద్ధాల బాధితులకు అంకితం అన్నాడు. స్నేహితుడికి రాసిన ఉత్తరంలో మాత్రం, నా జ్ఞాపకార్థం ఇంకెవరూ రాయరు కాబట్టి నేనే రాసుకున్నానని చెప్పుకున్నాడు.

ఆ క్వార్టెట్ నాలుగో భాగంలో ఒక వయొలిన్ ఒకే స్వరాన్ని సన్నగా పట్టుకుని ఉంటుంది. మిగతా మూడూ కలిసి మూడు దెబ్బలు వేస్తాయి. బాంబులని కొందరు, అర్ధరాత్రి తలుపు బాదడమని కొందరు. మా పక్క ఊరు సర్కెగూడలో 2012 జూన్ 28 రాత్రి విత్తనాల పండుగ బీజపండుం గురించి మాట్లాడుకోవడానికి కూడిన జనం మీద భద్రతా దళాల కాల్పులు జరిగి మొత్తం 17 మంది పోయారు. వాళ్లు మావోయిస్టులనడానికి రుజువు లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2019లో తేల్చింది. ఇక్కడ కూర్చుని వింటే నా చెవి ఎటు పోతుందో వేరే చెప్పాలా? అయినా ఆ దెబ్బలకు అంత బలం వాటి గట్టిదనం వల్ల రాలేదు. వాటి మధ్య తెగకుండా సాగే ఆ ఒక్క స్వరం వల్ల వచ్చింది. అసలు పనితనం అక్కడుంది.

క్వార్టెట్ మొత్తం ఇరవై నిమిషాలే. నాలుగో భాగానికి నేరుగా వెళ్లకండి. మొదటి భాగం వినండి, ఆ నాలుగు స్వరాలు నోటికొచ్చాక ముందుకు పోండి.